ఉచిత లాయరుకు తెల్లకార్డు అక్కర్లేదు: గృహహింస కేసు, మొదటి అర్జీ నుంచి ఉత్తర్వు అమలు దాకా

"నాకు ఉద్యోగం ఉంది కదా, నాకెందుకిస్తారు ఉచిత లాయరును?" అని ఆగిపోయే ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. "తెల్లకార్డు లేదు, ఆదాయ సర్టిఫికెట్ ఎమ్మార్వో ఆఫీసులో ఆగిపోయింది" అని వాయిదా వేసుకునేవాళ్లు ఇంకొందరు. ఈ రెండూ అడ్డంకులు కావు. ఉచిత న్యాయసాయం ఎవరికి అందాలో న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987లోని 12వ సెక్షన్ వరసగా చెబుతుంది. ఎస్సీ, ఎస్టీలు, స్త్రీలు, పిల్లలు, వికలాంగులు, కస్టడీలో ఉన్నవాళ్లు అంటూ సాగే ఆ జాబితాలో ఆదాయ పరిమితి చివరి వర్గానికి మాత్రమే వర్తిస్తుంది. స్త్రీ అయితే చాలు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అయినా, టీచరు అయినా, పొలం పనికి వెళ్లే మనిషి అయినా ఒకటే. 2025 మేలో సుప్రీంకోర్టు గృహహింస చట్టం అమలుపై ఆదేశాలిస్తూ ఇదే మాట మళ్లీ చెప్పింది. ఎవరైనా ఆదాయ సర్టిఫికెట్ తెమ్మంటే, "12వ సెక్షన్, సి క్లాజు కింద అడుగుతున్నాను" అని అర్జీలోనే ఒక వాక్యం రాయండి.

ఇక అన్నింటికంటే ముందు తెలుసుకోవాల్సింది తేదీ విలువ. భరణం ఏ రోజు నుంచి లెక్కపెట్టాలన్న ప్రశ్నకు రజ్నేష్ వర్సెస్ నేహా కేసులో 2020 నవంబరులో సుప్రీంకోర్టు జవాబిచ్చింది: అర్జీ వేసిన తేదీ నుంచి. కొట్టిన రోజు నుంచి కాదు, ఇంట్లోంచి గెంటేసిన రోజు నుంచి కాదు, పెద్దమనుషుల్లో పెట్టిన రోజు నుంచీ కాదు. కోర్టులో అర్జీ పడని ప్రతి నెలా చేతికి రావాల్సిన ఒక నెల భరణం పోయినట్టే. కింద రాసినదంతా ఆ తేదీ వీలైనంత త్వరగా పడేలా చూడడం కోసమే.

ఉచితం అంటే ఏమేమి

లాయరు ఫీజు ఒక్కటే అనుకుంటారు. కాదు. కోర్టు ఫీజు, ప్రాసెస్ ఫీజు (నోటీసులు పంపడానికి కట్టేది), అర్జీ రాయించడం, టైపింగు, కాగితాల అనువాదం, ఉత్తర్వుల సర్టిఫైడ్ కాపీలు, అప్పీలు వేయాల్సి వస్తే ఆ ఖర్చు, అన్నీ న్యాయ సేవాధికార సంస్థే భరించాలి. ప్యానెల్ లాయరుకు, అంటే తన జాబితాలో ఉన్న లాయరుకు, సంస్థే డబ్బు చెల్లిస్తుంది. మీ దగ్గర ఏ రూపంలోనూ డబ్బు అడగకూడదు, తీసుకోకూడదు. "జిరాక్సులకు", "క్లర్కుకు", "దారి ఖర్చులకు" అన్న మాటలు వినపడితే అది నిబంధనలకు విరుద్ధం. మామూలుగా బార్‌లో కనీసం 3 ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లనే ప్యానెల్‌లో పెట్టుకుంటారు.

జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం ఉంటుంది. జిల్లా ప్రధాన న్యాయమూర్తి దానికి చైర్మన్. రోజువారీ పని చూసేది కార్యదర్శి, ఆయనా న్యాయాధికారే. కింది కోర్టులు ఉన్న ఊళ్లలో మండల న్యాయ సేవా కమిటీలు ఉంటాయి. అర్జీకి ప్రత్యేకమైన భాష అక్కర్లేదు. తెల్లకాగితం మీద తెలుగులో రాసివ్వవచ్చు. రాయడం రాకపోతే అక్కడ ఉండే పారా లీగల్ వాలంటీరు రాసిపెట్టాలి. కదల్లేని పరిస్థితిలో ఉంటే 15100కు ఫోన్ చేయవచ్చు, జాతీయ న్యాయ సేవాధికార సంస్థ వెబ్‌సైటులో ఆన్‌లైన్‌లోనూ పెట్టవచ్చు. అర్జీ మీద నిర్ణయం 7 రోజుల్లోపు రావాలి. కాదంటే చైర్మన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. అర్జీ ఇచ్చినప్పుడు తేదీ, ముద్ర వేసిన రసీదు కాపీ మాత్రం తప్పకుండా తీసుకోండి. చాలామంది దీన్ని వదిలేస్తారు. తర్వాత "మీ అర్జీ మాకు అందలేదు" అన్న మాటకు ఎదురు చెప్పడానికి చేతిలో ఏమీ ఉండదు.

ఏ గడప ముందు తొక్కాలి

నాలుగు దారులు ఉన్నాయి: పోలీస్ స్టేషన్, సఖి కేంద్రం, స్త్రీ శిశు సంక్షేమ శాఖలోని రక్షణాధికారి, న్యాయ సేవాధికార సంస్థ. ఒకచోటికి వెళ్లారు కాబట్టి మరోచోటికి వెళ్లకూడదన్న నియమం ఏమీ లేదు.

ప్రాణభయం ఉంటే 112. అప్పటికప్పుడు తలదాచుకోవాలంటే 181కి ఫోన్ చేసి సఖి కేంద్రం. అక్కడ గరిష్ఠంగా 5 రోజులు ఉండనిస్తారు. వైద్యం, కౌన్సెలింగు, న్యాయ సలహా ఒకేచోట దొరుకుతాయి. మగపిల్లలు వెంట ఉంటే వయసు పరిమితి ఉంటుంది కాబట్టి ఫోనులోనే అడిగి తెలుసుకోండి. ఐదు రోజులు సరిపోకపోతే అక్కడి నుంచే ఆశ్రయ గృహానికి పంపమని అడగాలి. గాయాలుంటే ముందు ప్రభుత్వాసుపత్రికి వెళ్లి, ఎలా తగిలాయో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పి, ఎం.ఎల్.సి. (మెడికో లీగల్ కేసు) నమోదు చేయించుకోవాలి. "మెట్ల మీద నుంచి జారిపడ్డాను" అని ఆ రోజు రాయించిన మాటే తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్‌లో ముందుకొస్తుంది. పోలీసు కాగితం లేదని ఆసుపత్రి వెనక్కి పంపకూడదు. గృహహింస నివేదిక అప్పటికి తయారై ఉండకపోతే ఆసుపత్రే నింపి రక్షణాధికారికి పంపాలని 2006 నాటి నిబంధనల్లో ఉంది.

రక్షణాధికారి అంటే మన జిల్లాల్లో జనం "పీడీ ఆఫీసు" అనో "డీవీ సెల్" అనో పిలిచేచోట కూర్చునే అధికారి. గృహహింస నుంచి స్త్రీలకు రక్షణ చట్టం, 2005 ఈ పదవిని ప్రత్యేకంగా సృష్టించింది. ఆ చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. ఒకటో ఫారంలో గృహహింస నివేదిక రాయడం, మేజిస్ట్రేటుకు అర్జీ పంపడం, ఉచిత లాయరు అందేలా చూడడం, ఆశ్రయం, వైద్యం ఏర్పాటు చేయడం, నోటీసు అందించడం, ఉత్తర్వు అమలయ్యేలా చూడడం ఈ అధికారి పనులు. సరైన కారణం లేకుండా మేజిస్ట్రేటు ఆదేశాన్ని పక్కన పెడితే అధికారికే ఏడాది వరకు జైలు లేదా 20,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ అని 33వ సెక్షన్‌లో ఉంది. బాధితురాలే వెళ్లాలని కూడా లేదు. పక్కింటివాళ్లు, అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, ఎవరైనా సమాచారం ఇవ్వవచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద ఏ కేసూ నిలవదు.

మరి నివేదిక రాయించుకున్నాకే కోర్టుకు వెళ్లాలా? అక్కర్లేదు. 2022లో ప్రభా త్యాగి కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చేసింది. బాధితురాలు తానే గృహహింస చట్టం 12వ సెక్షన్ కింద అర్జీ వేసుకున్నప్పుడు రక్షణాధికారి నివేదిక తప్పనిసరి కాదు. డీవీ సెల్‌లో కౌన్సెలింగు పేరుతో రెండో పిలుపు, మూడో పిలుపు అంటూ రోజులు గడుస్తుంటే న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి నేరుగా కోర్టులో వేయించుకోవడమే నయం. మీ దగ్గర గాయాల కాగితాలు, సాక్షులు పెద్దగా లేనప్పుడు మాత్రం ఆ నివేదిక బలంగా పనికొస్తుంది. అలాంటప్పుడు రెండూ పక్కపక్కనే నడిపించండి.

పీఎల్‌సీలో పోయే నెలలు

న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లినప్పుడు జరిగే పెద్ద పొరపాటు ఇక్కడే. మీరు "నాకు న్యాయం కావాలి" అని అర్జీ రాస్తే, దాన్ని ప్రీ లిటిగేషన్ కేసుగా, అంటే పీఎల్‌సీగా నమోదు చేసి, భర్తకు నోటీసు పంపి, ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడే అవకాశం ఎక్కువ. రాజీకి ఇష్టం ఉన్నవాళ్లకు అది మంచి దారే, ఖర్చూ లేదు. కానీ పీఎల్‌సీ కోర్టు కేసు కాదు. అతను రాకపోతే వారెంటు లేదు, మధ్యంతర భరణం లేదు, రక్షణ ఉత్తర్వు లేదు. పైగా పైన చెప్పిన తేదీ అక్కడ మొదలు కాదు. నాలుగు వాయిదాలు తిరిగాక "ఆయన రావడం లేదమ్మా, కోర్టులో వేసుకో" అంటే ఆ నెలలన్నీ వృథా.

అందుకే అర్జీ మొదటి వాక్యంలోనే స్పష్టంగా రాయాలి: "గృహహింస చట్టం 12వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు కోర్టులో కేసు వేయడానికి నాకు ప్యానెల్ లాయరును నియమించవలసిందిగా కోరుతున్నాను." మాట్లాడుకోవడానికి అభ్యంతరం లేకపోతే కేసు వేశాక కూడా మాట్లాడుకోవచ్చు. చట్టంలోనే 14వ సెక్షన్ కింద కౌన్సెలింగు ఉంది.

లోక్ అదాలత్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. అక్కడ రాసుకున్న రాజీ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. "కలిసి ఉంటాము" అని ఒక్క ముక్క రాసి కేసు మూసేస్తే, మళ్లీ కొట్టినప్పుడు అంతా మొదటి నుంచి మొదలుపెట్టాలి. రాజీ పడేటట్టయితే నెలకు ఎంత, ఏ తేదీలోపు, ఏ బ్యాంకు ఖాతాలో, బంగారం ఎన్ని తులాలు ఎప్పుడు తిరిగిస్తారు, ఎక్కడ ఉంటారు, షరతు తప్పితే ఏమిటి, ఇవన్నీ అవార్డులో అక్షరాలా ఉండాలి. ఇష్టం లేకపోతే "ఒప్పుకోను" అనవచ్చు. ఒప్పందం కుదరని కేసు కోర్టుకు తిరిగి వెళుతుంది, అంతే. బలవంతపు రాజీ లోక్ అదాలత్ పని కాదు.

కాగితాలు

ఇంట్లోంచి బయటపడే ముందు వీలు దొరికితే అసలు కాగితాలు తెచ్చుకోండి, లేకపోతే ఫోటోలు తీసి నమ్మకమైన మనిషికి పంపండి. పెళ్లి రుజువుకు శుభలేఖ, ఫోటోలు, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఏదైనా సరే. ఇద్దరి ఆధార్లు, పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు, స్కూలు ఫీజు రసీదులు, అద్దె ఒప్పందం లేదా ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు, ఆసుపత్రి చీటీలు కావాలి. బంగారానికి కొన్న బిల్లులు, అవి లేకపోతే నగలు కనిపించే పెళ్లి ఫోటోలు, తాకట్టు పెట్టి ఉంటే ఆ రసీదు. పసుపు కుంకుమ కింద పుట్టింటివాళ్లు భూమి ఇచ్చి ఉంటే ఆ కాగితం.

కట్నం ఇచ్చినట్టు రాస్తే మనమీదే కేసు పడుతుందేమో అని చాలామంది తండ్రులు ఆ అంకెలు దాచేస్తారు. బాధితులు ఇచ్చిన వాంగ్మూలం ఆధారంగా వాళ్ల మీద ఆ చట్టం కింద కేసు పెట్టకూడదని 1961 నాటి వరకట్న నిషేధ చట్టం 7వ సెక్షన్‌లోనే ఉంది. ఎంత, ఎప్పుడు, ఎవరి చేతికి, ఎవరి సమక్షంలో అన్న వివరాలు రాయించండి.

భర్త ఆదాయానికి రుజువు దొరకదనుకోవడం తొందరపాటు. ఆంధ్రప్రదేశ్‌లో మీభూమిలో 1-బి, అడంగల్, తెలంగాణలో భూభారతిలో భూముల వివరాలు చూడవచ్చు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ (ఆస్తి లావాదేవీల సర్టిఫికెట్) తీస్తే ఇళ్లు, స్థలాలు బయటపడతాయి. జీఎస్టీ నంబరుతో వ్యాపారం ఉందో లేదో తెలుస్తుంది. జీతం స్లిప్పు పాత ఫోటో ఒకటి ఉన్నా చాలు. మిగతాది అతని చేతే రాయించవచ్చు. రజ్నేష్ తీర్పు ప్రకారం భరణం అడిగే కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం వివరిస్తూ అఫిడవిట్ వేయాలి. మీ అఫిడవిట్ మీరు అర్జీతోపాటే వేసేస్తే అతను తప్పించుకోవడం కష్టం. మీ జీతం దాచవద్దు. దాచిన జీతం బయటపడితే నిజంగా పడిన బాధ కూడా అబద్ధంగా కనిపిస్తుంది.

వాట్సాప్ మెసేజీలకు స్క్రీన్‌షాట్ ఒక్కటే సరిపోదు. కొత్త సాక్ష్య చట్టం 63(4) సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఒక భాగం ఫోను వాడేవాళ్లు, రెండో భాగం నిపుణుడు సంతకం చేసేది. మెసేజీలు ఉన్న అసలు ఫోనును మార్చకండి, ఫార్మాట్ చేయకండి. ఆ ఫోనులోని జీమెయిల్ పాస్‌వర్డు, లొకేషన్ షేరింగు భర్తకు తెలిసి ఉంటే ముందు వాటిని మార్చండి. ఇంకా అదే ఇంట్లో ఉన్నట్టయితే మాత్రం, మార్చినట్టు అతనికి తెలిసిపోతే గొడవ పెరుగుతుందా అన్నది ఆలోచించుకుని, లాయరుతో మాట్లాడడానికి వేరే ఫోను వాడండి.

అర్జీలో ఏం ఉండాలి

ఉచిత లాయరైనా, ఫీజు తీసుకునే లాయరైనా, అర్జీ బలహీనంగా ఉంటే కేసు బలహీనమే. సంతకం పెట్టే ముందు తెలుగులో చదివి వినిపించమని అడగండి. అది మీ హక్కు.

మొదటి విషయం, ఎవరిని ప్రతివాదులుగా చేర్చాలి. హిరల్ హర్సోరా కేసులో 2016లో సుప్రీంకోర్టు "వయోజన పురుషుడు" అన్న మాటలు కొట్టేశాక అత్తగారిని, ఆడపడుచునూ చేర్చవచ్చు. కానీ కోపంలో అందరినీ ఎక్కించకండి. ఏం చేశారో తేదీతో చెప్పగలిగినవాళ్ల పేర్లే రాయండి. ఎక్కడో దూరాన ఉన్న ఆడపడుచు పేరు కలిపితే ఆమెకు నోటీసు అందడానికే నెలలు పడుతుంది, ఆ వంకతో కేసు మొత్తం హైకోర్టులో క్వాష్ పిటిషన్ (కేసు కొట్టేయమనే అర్జీ) దాకా వెళుతుంది. తెలంగాణ నుంచి వెళ్లిన ఒక 498ఎ (భార్యను వేధించడం) క్రిమినల్ కేసులో 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది: నిర్దిష్టమైన ఆరోపణ లేకుండా బంధువులందరినీ లాగితే కేసు నిలవదు.

రెండోది, ఏం అడుగుతున్నారు. 18వ సెక్షన్ కింద రక్షణ ఉత్తర్వు: కొట్టకుండా, ఆఫీసుకు, పిల్లల స్కూలుకు రాకుండా, ఫోన్లు చేయకుండా, ఉమ్మడి లాకరు, ఖాతాలు ముట్టకుండా. 19 కింద నివాసం: ఇంట్లోంచి వెళ్లగొట్టకుండా, లేదా వేరే ఇంటి అద్దె, స్త్రీధనం తిరిగి ఇప్పించడం. 20 కింద నెలవారీ డబ్బు, వైద్య ఖర్చులు. 21 కింద పిల్లల తాత్కాలిక సంరక్షణ. 22 కింద పరిహారం. అడగనిది మేజిస్ట్రేటు ఇవ్వరు. "నెలకు తగిన భరణం" అని రాయకండి. అద్దె ఇంత, బియ్యం సరుకులు ఇంత, స్కూలు ఫీజు ఇంత, మందులు ఇంత అని లెక్క వేసి మొత్తం రాయండి. అతను ఉద్యోగి అయితే, జీతంలోంచే నేరుగా మీ ఖాతాలో వేయమని యజమానిని ఆదేశించే అధికారం 20(6) సెక్షన్‌లో ఉంది. ఇది అడిగే అర్జీలు చాలా తక్కువ. ప్రభుత్వోద్యోగి, బ్యాంకు ఉద్యోగి అయిన భర్త విషయంలో దీనికంటే పనికొచ్చే వాక్యం ఇంకొకటి లేదు.

ఇల్లు మామగారి పేరు మీద ఉంది కాబట్టి హక్కు లేదంటారు. పాత బాత్రా తీర్పు అలా అనేది నిజమే. 2020లో సతీష్ చందర్ అహుజా కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని తోసిపుచ్చింది. మీరు కోడలిగా స్థిరంగా కాపురం ఉన్న ఇల్లు ఎవరి పేరు మీద ఉన్నా ఉమ్మడి నివాసమే కావచ్చు. అప్పుడు అత్తమామలు వృద్ధుల సంరక్షణ చట్టం కింద ఆర్డీఓ దగ్గర ఖాళీ చేయించే అర్జీ వేస్తారు. వనిత కేసులో, అదే ఏడాది డిసెంబరులో, కోడలి నివాస హక్కును దెబ్బతీయడానికి ఆ చట్టాన్ని వాడకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆర్డీఓ నోటీసు వస్తే ఆ రోజే లాయరుకు చూపించండి, ఊరుకుంటే మీ మాట వినకుండానే ఉత్తర్వు వచ్చేస్తుంది.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది. ప్రధాన అర్జీతోపాటు 23వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు కోసం వేరే పిటిషన్, దానికి మూడో ఫారంలో అఫిడవిట్ అదే రోజు వేయాలి. అత్యవసరమైతే అతన్ని వినకుండానే ఎక్స్‌పార్టీ ఉత్తర్వు ఇచ్చే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది. ఈ పిటిషన్ వేయకపోవడం వల్లే చాలామంది ఏళ్ల తరబడి పైసా అందకుండా వాయిదాలకు తిరుగుతున్నారు. లాయరును మొదటి రోజు అడగాల్సిన ప్రశ్న ఒకటే: "23 పిటిషన్ వేశారా? నంబరు ఎంత?"

కేసు ఎక్కడ వేయాలంటే, మీరు ఇప్పుడు ఉంటున్న చోట వేయవచ్చు, తాత్కాలికంగా ఉంటున్నా సరే. భర్త హైదరాబాద్‌లో, మీరు నరసరావుపేటలో పుట్టింట్లో ఉంటే నరసరావుపేట మేజిస్ట్రేటు కోర్టులోనే వేయండి. పాత సంఘటనలకు కాలం చెల్లిందని ఎదుటివాళ్లు వాదిస్తారు. 12వ సెక్షన్ అర్జీకి ఏడాది గడువు వర్తించదని కామాక్షి కేసులో 2022లో తేలింది. భార్యలకే కాదు, తల్లికి, అక్కచెల్లెళ్లకు, వితంతువైన కోడలికి, పెళ్లి లాంటి సహజీవనంలో ఉన్నామెకు కూడా ఈ చట్టం వర్తిస్తుంది.

వేశాక

ఫైలు వేసిన వెంటనే డీవీసీ (గృహహింస కేసు) నంబరు రాదు. ఆఫీసు అభ్యంతరాలతో రిటర్న్ కావచ్చు: సంతకం లేదు, ఆధార్ జిరాక్సు లేదు, భర్త చిరునామాకు పిన్‌కోడ్ లేదు. రిటర్న్ అయిన ఫైలు లాయరు గుమాస్తా దగ్గర వారాల తరబడి పడి ఉండడం మామూలే. వారంలోగా నంబరు రాకపోతే అడగండి. నంబరుతోపాటు 16 అక్షరాలు, అంకెలు ఉండే కేసు గుర్తింపు సంఖ్య, అంటే సీఎన్‌ఆర్ రాసుకుంటే ఈకోర్ట్స్ యాప్‌లో వాయిదా తేదీ మీరే చూసుకోవచ్చు.

మొదటి విచారణ సాధారణంగా 3 రోజుల్లోపు, నోటీసు రక్షణాధికారి ద్వారా 2 రోజుల్లో, కేసు 60 రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టంలో ఉంది. వాస్తవం దీనికి చాలా దూరం. ఎక్కువ కేసులు ఆగేది నోటీసు దగ్గరే. "డోర్ లాక్", "ఇల్లు మారారు" అని తిరిగొస్తుంది. అతని ఇల్లు, ఆఫీసు, సొంతూరు, మూడు చిరునామాలూ మొదటి రోజే ఇవ్వండి. ఫోన్ నంబరు, ఈమెయిల్ కూడా. తిరిగొచ్చిన వాయిదాలోనే వేరే పద్ధతిలో నోటీసు పంపేందుకు అనుమతి అడగమని లాయరుకు చెప్పండి. అందినా రాకపోతే ఎక్స్‌పార్టీ చేయమని కోరవచ్చు.

ఇది జైలు కేసు కాదని కూడా ఇంట్లోవాళ్లకు చెప్పండి. "మొగుణ్ని జైల్లో పెట్టిస్తావా" అన్న మాటకు భయపడి ఆగిపోయే అమ్మాయిలకు ఇది తెలియాలి. డీవీసీలో అడిగేది రక్షణ, ఇల్లు, డబ్బు. వచ్చిన రక్షణ ఉత్తర్వును అతను ఉల్లంఘిస్తేనే నేరం అవుతుంది. అప్పుడు ఏడాది వరకు జైలు, 20,000 వరకు జరిమానా లేదా రెండూ. బెయిలు హక్కుగా రాని నేరం అది.

క్రిమినల్ కేసు కావాలనుకుంటే వేరుగా పెట్టాలి. పాత 498ఎ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లు, 2024 జులై 1 నుంచి జరిగిన వాటికి. ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ వేయించుకోవచ్చు, కాపీ ఉచితం. పుట్టింటికి వచ్చేశాక పుట్టింటి ఊళ్లో కూడా కేసు నడుస్తుందని రూపాలీ దేవి కేసు, 2019, చెబుతోంది. వెంటనే అరెస్టు చేస్తారని అనుకోవద్దు. ఈ సెక్షన్లలో ముందు నోటీసు ఇచ్చి పిలుస్తారు. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపి ఆ రసీదు దాచుకోండి.

లాయరు పట్టించుకోకపోతే

ప్యానెల్‌లో మంచి లాయర్లు ఉన్నారు. ఫోను ఎత్తనివాళ్లు, జూనియర్‌ను పంపి వాయిదా తీసుకునేవాళ్లూ ఉన్నారు. ఉచితంగా వచ్చింది కదా అని మొహమాటపడి ఏడాది గడిపేయడమే పెద్ద నష్టం. ఏ వాయిదాకు లాయరు రాలేదో, ఏ రోజు ఏం జరగాల్సి ఉండగా జరగలేదో తేదీలతో కార్యదర్శికి రాతపూర్వకంగా ఇచ్చి, లాయరును మార్చమని అడగండి. కేసుల పురోగతి చూడడానికి ప్రతి సంస్థలో పర్యవేక్షణ కమిటీ ఉండాలి. మీ అర్జీ దాని ముందు పెట్టమని రాయండి. డబ్బు అడిగినా ఇదే దారి. ఫోన్‌పేలో పంపి ఉంటే ఆ రుజువు జతచేయండి. భర్త హైకోర్టులో క్వాష్ పిటిషన్ వేస్తే మీకు నోటీసు వస్తుంది. జిల్లా లాయరు అక్కడికి రాకపోవచ్చు. హైకోర్టు న్యాయ సేవల కమిటీకి వేరే అర్జీ పెట్టుకుంటే అక్కడ ఇంకో లాయరును ఇస్తారు. మేజిస్ట్రేటు ఉత్తర్వు నచ్చకపోతే సెషన్స్ కోర్టులో అప్పీలుకు 30 రోజులే గడువు.

విదేశాల్లో ఉన్నవాళ్లకు

అమెరికాలో హెచ్-4 (భర్త వీసా మీద ఆధారపడే) వీసా మీద ఉన్న తెలుగు అమ్మాయిలను ఎక్కువగా భయపెట్టే మాట "వీసా క్యాన్సిల్ చేయిస్తా". అక్కడ దెబ్బలు తింటుంటే 911, సలహాకు జాతీయ గృహహింస హాట్‌లైన్ 1-800-799-7233. అనువాదకులను ఇవ్వమని అడగవచ్చు. హెచ్-1బి భర్త హింసించిన హెచ్-4 భార్య సొంతంగా పని అనుమతి కోసం ఐ-765వి ఫారం వేసుకునే వీలుంది. భర్త అమెరికా పౌరుడో గ్రీన్‌కార్డుదారుడో అయితే అతని సంతకం లేకుండానే తన అర్జీ తానే పెట్టుకునే దారి ఉంది. ఇండియాకు పంపేసి పాస్‌పోర్టు లాక్కున్న కేసుల్లో రాయబార కార్యాలయానికి విదేశాంగ శాఖ మదద్ పోర్టల్ ద్వారా, జాతీయ మహిళా కమిషన్ ఎన్ఆర్ఐ సెల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. తెలంగాణ పోలీసు మహిళా భద్రతా విభాగంలోనూ ఎన్ఆర్ఐ సెల్ ఉంది. ఊరికి వచ్చాక డీవీసీ ఇక్కడి కోర్టులో వేయవచ్చు.

ఉత్తర్వు వచ్చాక

ఉత్తర్వు కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి, ఆ ప్రాంత పోలీస్ స్టేషన్‌కూ పంపాలి. మీరు కూడా ఒక కాపీ తీసుకెళ్లి స్టేషన్ అధికారి ఎస్‌హెచ్ఓకు ఇచ్చి ముద్ర వేయించుకోండి. రక్షణ ఉత్తర్వు ఉల్లంఘించిన రోజు ఆ కాపీ చేతిలో ఉంటే స్టేషన్‌లో వాదన తగ్గుతుంది.

డబ్బు దగ్గర జాగ్రత్తగా ఉండాలి. ఉత్తర్వు వచ్చినంత మాత్రాన డబ్బు రాదు, అమలు పిటిషన్ వేరే వేయాలి. గృహహింస ఉత్తర్వులను పాత సీఆర్‌పీసీ 125, అంటే ఇప్పటి బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) 144 భరణం సెక్షన్ పద్ధతిలోనే అమలు చేస్తారు. కట్టని ప్రతి నెలకూ ఒక నెల వరకు జైలు వేయవచ్చు. కానీ బాకీ పడిన తేదీ నుంచి ఏడాదిలోపు పిటిషన్ వేయకపోతే ఆ బాకీకి ఈ పద్ధతిలో వారెంటు పుట్టదు. "వచ్చే నెల ఇస్తా" అన్న మాట నమ్మి ఒకటిన్నరేళ్లు ఆగితే మొదటి ఆరు నెలల సొమ్ము వసూలు కష్టమే. ఏ నెలది ఎంత రావాలి, ఎంత వచ్చింది అన్న పట్టిక ఒక నోటు పుస్తకంలో రాసుకుని, రెండు మూడు నెలలు ఆగగానే అదే ప్యానెల్ లాయరుతో అమలు పిటిషన్ వేయించండి. ఆ పనికి కూడా మీరు డబ్బు కట్టక్కర్లేదు.